రెండు వందలవ ఫారం

బస్సు జానకంపేట దాటేసరికే జ్యోతిరాణి ట్యాబ్‌లో మొదటి పేజీ నింపేసింది. పేరు లింబయ్య. వయసు యాభై మూడు అని నొక్కబోయి ఆగింది. అది మొదటి విడతనాటి వయసు. రెండేళ్లు గడిచాయి, యాభై ఐదు. పనిచేసిన దేశం, ఉన్న ఏళ్లు, చేసిన పని పాత ఫారంలో ఉన్నవే. అవి మళ్లీ అడిగి మనిషిని విసిగించడం ఆమెకు ఇష్టం ఉండదు. బస్సు కుదుపుల్లో వేలు జారకుండా సరైన గడిని నొక్కడం ఆమెకు పద్నాలుగేళ్ల అలవాటు.

ఒళ్లో సంచి. సంచిలో గొడుగు, నీళ్ల సీసా, కాగితంలో చుట్టిన రెండు చపాతీలు, పవర్ బ్యాంకు. మెడలో గుర్తింపు కార్డు. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఆ కార్డు పట్టీ రంగు మారుతుంది. మరుగుదొడ్ల సర్వేకు ఆకుపచ్చ, బీడీ కార్మికుల సర్వేకు ఎరుపు. ఇప్పుడు నీలం. హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికుల మీద, వాళ్ల కోసం ప్రభుత్వాలు పెట్టుకున్న విధానాల మీద చేస్తున్న పరిశోధన ఇది. జిల్లాలో రెండు వందల ఇళ్లు. రెండేళ్ల తేడాతో రెండు విడతలు. అవే ఇళ్లు, అవే ప్రశ్నలు.

ఫోన్ మోగింది. అనిల్‌కుమార్. పీహెచ్‌డీ చేస్తున్న కుర్రవాడు, ఫీల్డు పని చూసుకునేది అతనే.

"అక్కా, పదింటి లోపల పంపియ్యాలె. నూట తొంభై తొమ్మిది అయినయ్. మీ ఒక్క ఫారం కోసమే ఆగినం. మూడింటి మీటింగ్‌ల ప్రొఫెసర్ మేడం రెండు వందలని చెప్పాలె గదా."

"పంపుత తమ్మీ. బస్సుల ఉన్న."

ఏప్రిల్ నెల. ఎనిమిది కాకముందే కిటికీ ఊచ కాలుతోంది. ఎడపల్లి దాటాక పొలాల్లో కోత మిషన్లు తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఈ దారి పొడవునా చెరకే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ జ్యోతిరాణి తండ్రి రాజారాం అక్కడ క్రషింగ్ సీజన్లో పనిచేసేవాడు. ఇంటికి వస్తే ఒళ్లంతా బెల్లపు వాసన. పని పోయాక నలభై ఆరేళ్ల వయసులో మస్కట్ వెళ్లాడు. నాలుగేళ్లకు తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దగ్గేవాడు. అక్కడ ఏం జరిగిందని ఆయన్ను ఎవరూ అడగలేదు. కూతురు కూడా అడగలేదు. అప్పుడామెకు బీడీలు చుడుతూ డిగ్రీ పరీక్షలు రాయడంతోనే సరిపోయేది. ఆయన పోయిన తర్వాత పెళ్లయింది, రెండేళ్లకు అదీ పోయింది. పుట్టింటికి తిరిగొచ్చింది. అలా తిరిగొచ్చిన ఆడవాళ్ల కోసం విధానాలేమైనా ఉన్నాయేమో ఆమెకు తెలియదు, ఎవరూ సర్వే చేయలేదు. తల్లితో కలిసి నిజామాబాద్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటోంది. దూరవిద్యలో ఎమ్మే చేసింది. మనుషులు చెప్పేది ఎవరో ఒకరు రాస్తే ఎక్కడో ఒకచోట పనికొస్తుందని మొదట్లో గట్టిగా నమ్మింది. ఇప్పుడు ఆ నమ్మకం ఉందో లేదో చూసుకోవడం మానేసింది.

బోధన్‌లో దిగి సాలూర వైపు పోయే ఆటో ఎక్కింది. ఊరు చేరేసరికి ఎనిమిదిన్నర.

లింబయ్య ఇల్లు ఆమెకు గుర్తే. ముందు రేకుల పందిరి, దాని కింద చాటలో తునికాకు, తంబాకు. లింబయ్య భార్య ఈరవ్వ బీడీలు చుడుతోంది. తలెత్తి చూసింది. చేతులు ఆగలేదు.

"మళ్ల వచ్చినవా?"

"వచ్చిన వదినా. అన్నకు నిన్న ఫోన్ చేసిన."

"ఎర్కనే." దారం కొరికి తెంపింది. "ఇయాల్నే దొరికెనా మీకు?"

జ్యోతిరాణి నవ్వి ఊరుకుంది. ఏ ఇంటికి వెళ్లినా ఇలాంటి మాట ఒకటి ఎదురవుతుంది. దాన్ని పట్టించుకుంటే ఫారం నిండదు.

లింబయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకున్నాడు. పెద్దాఫీసుకు పోవడానికి తయారైనట్టు ఉన్నాడు. రెండేళ్ల కిందట చూసినప్పుడు పలచగా, నల్లగా, గట్టిగా ఉండేవాడు. ఇప్పుడు ముఖం ఉబ్బి పసుపుగా మారింది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఎడమ చేతి మీద సూదులు గుచ్చిన చోట నరం తాడులా పైకి తేలింది.

"కూసో చెల్లె." ఆమెకు కుర్చీ చూపించి తను మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆ నాలుగడుగులకే ఆయాసం.

"పానం బాగలేదా అన్న? పోనీ రేపొస్తనా?"

అడిగింది గానీ, అవునంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

"వద్దొద్దు. ఇయాలతోని బంద్ అంటివి గద. రేపు నీ మిషన్ తీసుకోదంటివి. అడుగు."

ఆమె అడగడం మొదలుపెట్టింది. ఎనభై నాలుగు ప్రశ్నలు.

"ఇంట్లకెల్లి ఇప్పుడు బయటి దేశంల ఎవరన్న ఉన్నరా?"

"కొడుకు. శ్రావణ్. షార్జాల."

"ఏం పని?"

"నేను చేసిందే. సెంట్రింగ్."

"తిరిగొచ్చినోళ్లకు సర్కారు పథకాలేమన్న ఉన్నయని మీకు తెలుసా అన్న?"

"తెల్వకేంది. పోయినసారి నువ్వే చెప్పినవ్ గద."

'తెలుసు' నొక్కింది. ఎవరి ద్వారా తెలిసిందో చెప్పమని ట్యాబ్ అడిగింది. పేపరు, టీవీ, అధికారులు, బంధువులు, ఇతరులు. తనను 'ఇతరులు'లో వేసుకుంది.

"దరఖాస్తు పెట్టిండ్రా?"

"నాలుగుసార్లు."

"జవాబు వచ్చిందా?"

లింబయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వు తెస్తవనుకున్న," అన్నాడు.

మొదటి విడతప్పుడు ఇతను రెండు గంటలు మాట్లాడాడు. పందొమ్మిదేళ్ల సంగతి చెప్పాడు. ఆమె ఆ రోజు లేస్తూ, అందరికీ చెప్పే మాటే అతనికీ చెప్పింది: "అంత రాసుకున్న అన్న. పైకి పోతది." ఆ తర్వాత నెలకోసారి ఫోన్ చేసేవాడు. పైకి పోయిందా చెల్లె? మొదట్లో పోయిందన్న అని చెప్పేది. తర్వాత పోతది అన్నది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. నిన్న ఆమే చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

జబ్బు గురించిన ప్రశ్నలు వచ్చాయి. కిడ్నీలు పోవడానికి కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు?

"నీళ్లు తాగకపోదుము చెల్లె. తాగితే ఒంటికి పోవాలె. బాత్రూం కింద, మనం పదో అంతస్తు మీద. దిగి ఎక్కేసరికి ఫోర్మెన్ టైం రాసుకుంటుండె. యాభై డిగ్రీల ఎండ. పెదువులు తడుపుకొని పని చేద్దుము. పందొమ్మిదేండ్లు."

గడుల్లో వంశపారంపర్యం ఉంది, మద్యం ఉంది, షుగర్ ఉంది, తెలియదు ఉంది. ఆమె 'ఇతర' నొక్కి 'నీళ్లు తాగనివ్వలేదు' అని టైపు చేసింది.

"రక్తం శుద్ధికి వారంల ఎన్నిసార్లు పోతరు?"

"రెండుసార్లు. బోధన్‌కు."

రెండు నొక్కింది. ఏ రోజుల్లో అన్నది ఫారంలో లేదు. ఆమె అడగలేదు.

మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. అరచేతులు తెరిచి మూసి, తిమ్మిరి ఎక్కినట్టుందని విదిలించుకున్నాడు. ఈరవ్వ చాట పక్కన పెట్టి లోపలికి పోయి చాయ తెచ్చింది. ఆమెకొక కప్పు, అతనికి సగం. అతను తాగుతాడా లేదా అన్నట్టు కాసేపు అక్కడే నిలబడింది.

"వచ్చినామె ఒక్కతే తాగుతదా?" అని అతను కప్పు అందుకున్నాడు. తర్వాత జ్యోతిరాణితో అన్నాడు: "గాడ సచ్చిపోయినోళ్ల ఇండ్లకు సర్కారు పైసలిస్తుందట గద చెల్లె. గది నిజమేనా?"

"నిజమే అన్న. ఇస్తున్నరు."

"నేను ఒకసారి సెంట్రింగ్ మీదికెల్లి పడ్డ. నాలుగో అంతస్తు. కింద ఇసుక కుప్ప ఉండె, బతికిన." కప్పులోకి చూస్తూ నవ్వాడు. "ఇసుక లేకుంటే ఈమెకు ఏదో ఒకటి వచ్చు. బతికొచ్చి తప్పు చేసిన."

"ఊకోండ్రి," అంది ఈరవ్వ. చాట మళ్లీ ముందుకు లాక్కుంది.

దీనికి ప్రశ్న లేదు. చివర్లో 'అదనపు వ్యాఖ్యలు' అని ఒక గడి ఉంది. జ్యోతిరాణి అతను అన్నది అన్నట్టే టైపు చేసింది. రెండు వందల అక్షరాలు దాటగానే ట్యాబ్ ఇక తీసుకోలేదు. 'ఇసుక లేకుంటే ఈమెకు' దగ్గర వాక్యం తెగిపోయింది.

ఎనభై నాలుగో ప్రశ్న మిగిలింది. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. "మీ పునరేకీకరణ పట్ల మీరు ఎంత మేరకు సంతృప్తిగా ఉన్నారు?"

"గదంటే ఏంది?"

"మళ్ల మనోళ్లల్ల కలిసిపోవుడు అన్న. ఇంట్ల, ఊర్లె."

"నేనేడికి పోయిన చెల్లె మళ్ల కలిసేటందుకు? పనికి పోయిన. పని అయిపోయింది, పానం పోయింది, వచ్చిన."

"ఒకటి నుంచి ఐదుల ఒక నంబర్ చెప్పాలె అన్న."

అతను కళ్లు మూసుకున్నాడు. "నువ్వే ఏదో ఒకటి ఎయ్యి."

ఆమె మూడు వేసింది. ఎప్పుడూ మూడే వేస్తుంది. ఒకటి వేస్తే ఎందుకని ట్యాబ్ ఇంకో ఆరు ప్రశ్నలు తెరుస్తుంది, ఐదు వేస్తే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. మూడుకు ఏ గొడవా లేదు.

తొమ్మిది నలభై రెండుకు ఫారం వెళ్లిపోయింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. ఆమె సంచి సర్దుకుని లేచింది. లింబయ్య లేవబోయి లేవలేక, కూర్చునే చేతులు జోడించాడు.

"ఈసారన్న పోతదా చెల్లె?"

"పోతది అన్న," అంది జ్యోతిరాణి. అని, వీధి మలుపు దాకా వెనక్కి తిరగకుండా నడిచింది.

*

నిజామాబాద్ స్టేషన్ రోడ్డు హోటల్ హాల్లో ఏసీ చల్లగా ఉంది. ముందు వరసల్లో అధికారులు, పక్క జిల్లాల నుంచి వచ్చిన లెక్చరర్లు, ఇద్దరు ముగ్గురు విలేకరులు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. జ్యోతిరాణి తలుపు దగ్గర బల్ల వెనక నిలబడి, వచ్చిన వాళ్ల చేత సంతకం పెట్టించి, ఒక్కొక్కరికీ ఒక ఫోల్డరు, పెన్ను, చిన్న నీళ్ల సీసా ఇచ్చింది. అందరూ కూర్చున్నాక వెనక వరస చివరి కుర్చీలో కూర్చుంది.

ప్రొఫెసర్ మేడం చక్కగా మాట్లాడుతుంది. కేరళలో ఏముంది, ఫిలిప్పీన్స్‌లో ఏముంది, కేంద్రం విధానం ఎక్కడ ఆగిపోయింది, రాష్ట్రం విధానం ఎలా ఉండాలి. అన్నీ నిజాలే. ఏ ఒక్క మాటా తప్పు కాదు. తెర మీద పటాలు మారుతున్నాయి. 'నమూనా: 200 కుటుంబాలు' అని వచ్చింది. అనిల్‌కుమార్ వెనక్కి తిరిగి జ్యోతిరాణి వైపు బొటనవేలు ఎత్తి చూపాడు.

తర్వాతి పటంలో ఒక నీలం గీత. 'పునరేకీకరణ సంతృప్తి, సగటు: 3.1.'

"ఇది ఆసక్తికరమైన ఫలితం," అంది ప్రొఫెసర్. "ఇన్ని కష్టాలున్నా తిరిగొచ్చిన వాళ్లలో ఒక మధ్యస్థమైన సంతృప్తి కనిపిస్తోంది. కుటుంబం ఇచ్చే ఆసరాయే దీనికి కారణం కావచ్చు. అంటే, ప్రభుత్వం కూడా తన విధానంలో కుటుంబాన్నే కేంద్రంగా చేసుకోవచ్చు."

ముందు వరసలో ఒక అధికారి తలూపి రాసుకున్నాడు.

జ్యోతిరాణి సంచిలో ఫోన్ వణికింది. తెర మీద లింబయ్య పేరు. పొద్దున్నే కదా వెళ్లొచ్చింది, అప్పుడే మళ్లీ చేస్తున్నాడే అని మొదట విసుగొచ్చింది. ఎత్తకుండా సంచిలో వేయబోయి, ఏమనుకుందో, లేచి బయటి వరండాలోకి వెళ్లింది.

"చెల్లె," అంది ఈరవ్వ గొంతు. "ఆయన పోయిండు. ఫోన్ల ఉన్నోళ్లందరికీ చెప్తున్న."

"వదినా..."

"పన్నెండున్నరకు. మంచం మీదనే. పొద్దు గూకకముందు తీస్తమంటున్నరు. కొడుక్కు లీవు దొరకదట." ఫోన్ పెట్టేసింది.

వరండాలో టీ కెటిల్ దగ్గర బిస్కట్లు సర్దుతున్నారు. జ్యోతిరాణి గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి అనిల్‌కుమార్ పక్కన వంగి చెప్పింది. అతని ముఖం నిజంగానే పాలిపోయింది. మంచి కుర్రవాడే. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఏదో చూసి, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టుగా మెల్లగా అన్నాడు:

"తొమ్మిది నలభై రెండుకే సబ్మిట్ అయింది అక్కా. ఇంటర్వ్యూ టైంకు మనిషి ఉన్నడు కాబట్టి ఏం కాదు. ఫారం చెల్లుతది."

జ్యోతిరాణి అతని వైపు చూసింది. పద్నాలుగేళ్లలో ఆమె ఎవరి మీదా గొంతు లేపలేదు. కుక్కలు వెంటపడ్డప్పుడు లేపలేదు. తాగినవాడు ట్యాబ్ లాక్కున్నప్పుడు లేపలేదు. ఆరు నెలలు ఆలస్యంగా జీతం వచ్చినప్పుడూ లేపలేదు.

"తీసెయ్యి గది," అంది.

"అక్కా, మెల్లగ..."

"తీసెయ్యి అంటున్న. నా ఫారాలన్నీ తీసెయ్యి. అరవై రెండు."

ప్రొఫెసర్ మాట ఆపింది. హాల్లో తలలు వెనక్కి తిరిగాయి. జ్యోతిరాణి ఆ ముఖాలన్నిటి వైపు చూసింది.

"మేడం, గా మూడు వాళ్లు చెప్పలేదు. నేనేసిన. సంతృప్తి అంటే ఏందని అడిగిండ్రు వాళ్లు. నా దగ్గర జవాబు లేకుండె. ప్రతి ఇంట్ల నేనే మూడు ఏసిన. మీరు తెర మీద చూపిస్తున్నది వాళ్ల సంతోషం కాదు, నా భయం. పొద్దుగాల ఫారం నింపిన మనిషి ఇప్పుడు సచ్చిపోయిండు. నాలుగు దరఖాస్తులు పెట్టిండు. గాడ సచ్చిపోయినా బాగుండు, ఇంటిదానికి ఏదో ఒకటి వచ్చు అన్నడు. గా మాట మీ మిషన్ పట్టలే. సగంల తెగిపోయింది. పందొమ్మిదేండ్లు నీళ్లు తాగక సచ్చిండు గా మనిషి. మీకు నీళ్ల సీసలు నేనే పంచిన ఇందాక."

ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. ముందు వరస అధికారి తన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసింది. ఆమె కూడా చెడ్డ మనిషి కాదు. గొంతు తగ్గించి అంది: "జ్యోతిరాణి గారూ, చాలా బాధాకరం. మీరు చెప్పింది చాలా విలువైన విషయం. పరిమాణాత్మక పద్ధతుల్లో ఉన్న పరిమితి ఇదే." తర్వాత పక్కకు తిరిగి, "అనిల్, ఇది నోట్ చేసుకో. మన చర్చ విభాగంలో ఒక కేస్ స్టడీగా పెడదాం."

అనిల్‌కుమార్ నోట్ చేసుకోలేదు. తలవంచుకుని కూర్చున్నాడు.

జ్యోతిరాణి మెడలోని కార్డు తీసి, ట్యాబ్‌తో పాటు తలుపు దగ్గరి బల్ల మీద, సంతకాల కాగితాల పక్కన పెట్టి బయటికి వచ్చేసింది. రేపటి నుంచి ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఇంట్లో తల్లికి ఏం చెప్పాలో తెలియదు. బస్టాండు దాకా ఎండలో నడిచింది, గొడుగు తెరవలేదు.

*

ఊరు చేరేసరికి శవాన్ని తీసుకుపోయారు. వీధిలో బంతిపూల రెక్కలు, మరమరాలు పడి ఉన్నాయి. డప్పుల చప్పుడు వాగు వైపు నుంచి సన్నగా వినిపిస్తోంది. ఇంటి ముందు నీళ్లు చల్లి ఉంది. రేకుల పందిరి కింద ఆడవాళ్లు నలుగురైదుగురు, వాళ్ల మధ్య ఈరవ్వ. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ముఖం. జ్యోతిరాణిని చూసి లేవలేదు, పొమ్మనలేదు. పక్కన జాగా చేసింది.

"ఇయాల సోమవారం," అంది ఈరవ్వ, ఎటో చూస్తూ. "సోమవారం, బేస్తవారం దవాఖానకు పోవాలె. ఆరింటికే ఆటోల పోతుండె. నువ్వొస్తనన్నవని పోలె. పోండ్రి, ఆమె మళ్లొస్తది అన్న. ఇనలె. ఇయాల రాసుకోకపోతే మనది పోదట అన్నడు. దవాఖానకు రేపు పోతనన్నడు."

పొద్దున ఈ గుమ్మంలో వినీ విననట్టు వదిలేసిన 'ఇయాల్నే దొరికెనా' అన్న మాట జ్యోతిరాణి చెవుల్లో గింగురుమంది. ఏ రోజుల్లో పోతారని ఒక్క మాట అడిగి ఉంటే. అడగడమే తన పని. పద్నాలుగేళ్లు అదొక్కటే చేసింది.

"తిట్టు వదినా," అంది చివరికి.

"తిట్టి ఏం జేద్దు?" ఈరవ్వ ఆమె వైపు తిరిగింది. ఆ కళ్లలో ఏడుపు లేదు. ఎన్నాళ్లుగానో పేరుకున్న కోపం, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం ఉంది. "పైకి పోతది, పైకి పోతది అన్నవ్. రెండేండ్లు గా మాట పట్టుకొని కూసున్నడు. ఏం పోయింది చెల్లె పైకి? ఆయన్నే పోయిండు."

ఒక ముసలామె ఈరవ్వ వీపు మీద చేయి వేసింది. ఈరవ్వ ఆ చేతిని తీసేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, దీపం పెట్టాలని లోపలికి నడిచింది. జ్యోతిరాణి ఆమె వెంట వెళ్లింది. లింబయ్య పడుకున్న మంచం అప్పటికే బయట ఎత్తి నిలబెట్టారు. గది ఖాళీగా ఉంది. ఈరవ్వ ప్రమిద కోసం గూట్లో వెతుకుతూ ఒక్కసారి ఆగిపోయింది.

"గది డాక్టర్ చెప్పిన కొలత," అంది. "రోజుకు గంతే తాగాలె. ఇయాల నీతోని చాయ తాగిండని నీళ్లు తగ్గించుకున్నడు. దూప అయితుందన్నడు. తాగుండ్రి అంటే, గీత దాటుతది అన్నడు."

గూట్లో అరలీటరు ప్లాస్టిక్ సీసా. దాని మీద నీలం పెన్నుతో అడ్డంగా గీసిన నాలుగు గీతలు. నీళ్లు పైనున్న మొదటి గీత కిందికి కూడా దిగలేదు.